తమ్ముడి ఫిట్స్ మాత్రలు జనరిక్‌కి మార్చడం తప్పా?

బ్రాడీపేట_బుజ్జి:
గుంటూరు నుంచి రాస్తున్నాను. మా తమ్ముడికి ఇరవై రెండేళ్లు. తొమ్మిదో తరగతి నుంచి ఫిట్స్‌కి మందు వాడుతున్నాడు, ఇప్పుడు కార్బమజెపిన్ 400 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మూడేళ్లుగా ఒక్కసారి కూడా రాలేదు. నాన్న మిర్చి యార్డులో గుమస్తా, నెలనెలా మందుల బిల్లు భారమైపోతోందని పోయిన నెల ఒక షాపులో అదే మందు జనరిక్‌లో ఉందంటే తెచ్చాను, సగం డబ్బులు కూడా కాలేదు. పది రోజుల నుంచి వాడికి మాత్ర వేసుకున్న రెండు మూడు గంటలకి కళ్లు తిరుగుతున్నాయి, ఎదురుగా ఒక బండి వస్తుంటే రెండు కనిపిస్తున్నాయట. అమ్మేమో నాలుగు రూపాయలకి కక్కుర్తి పడ్డానని నన్ను తిడుతోంది. జనరిక్ అంటే నాసిరకమేనా?

పటమట_ప్రసాద్:
మీ అమ్మగారు కరెక్టే. వేరే జబ్బుల మందులు ఎక్కడైనా కొనుక్కోండి, ఫిట్స్ మందుతో మాత్రం ఆటలొద్దు. 1968 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఏమైందో తెలుసా? ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు క్యాప్సూల్‌లో మందు బరువు మార్చలేదు, నింపడానికి వాడే పొడి మాత్రం కాల్షియం సల్ఫేట్ నుంచి లాక్టోజ్‌కి మార్చారు. అంతే, మందు ఒంటికి ఎక్కువగా పట్టేసి జనం తూలిపోయారు. మా ఆవిడ పదహారేళ్లుగా ఫెనిటాయిన్ మీదే ఉంది, నేనైతే స్ట్రిప్ రంగు మారినా షాపు వాడికి తిరిగిచ్చేస్తాను.

ఫైనలియర్_ఫార్మసీ:
సార్, బ్రిస్బేన్ కథ నిజమే, మాకు పాఠంలో కూడా ఉంది. కానీ అది యాభై ఏళ్ల నాటి మాట. లామోట్రిజిన్ అనే ఇంకో ఫిట్స్ మందు వాడే పేషెంట్లకి ఒకదానికొకటి బాగా తేడా ఉండొచ్చనుకున్న రెండు జనరిక్‌లని మార్చి మార్చి ఇచ్చి చూశారు అమెరికాలో, 2016లో ఫలితాలొచ్చాయి. రక్తంలో మందు స్థాయిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అసలు కార్బమజెపిన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ మూడూ చేసే పని ఒకటే. నరాల కణంలోకి సోడియం వెళ్లే గేట్లుంటాయి, అవి తెరుచుకుంటేనే కణం సిగ్నల్ పంపుతుంది. ఫిట్స్ వచ్చేటప్పుడు ఆ గేట్లు ఊపిరి సలపకుండా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. మూసుకున్న గేటుని ఈ మందు పట్టుకుని కాసేపు మళ్లీ తెరుచుకోనివ్వదు, అందుకే మామూలు వేగంతో నడిచే కణాల మీద దాని ప్రభావం తక్కువ. మందు మోతాదు మించితే మాత్రం బ్యాలెన్స్ చూసే చిన్నమెదడు కూడా దెబ్బతిని మనిషి తూలతాడు, ఒకటి రెండుగా కనిపిస్తుంది. బుజ్జి గారి తమ్ముడికి ఉన్నవి మందు ఎక్కువైన లక్షణాలు. నాసిరకమై మందు తక్కువ పడితే ఫిట్ రావాలి కదా!

పటమట_ప్రసాద్:
అమెరికా సంగతి అమెరికాలో. మన దగ్గర నీళ్లలో సరిగా కరగని మందులకి బయోఈక్వివలెన్స్ పరీక్ష, అంటే జనరిక్ కూడా అసలు మందులాగే రక్తంలోకి ఎక్కుతుందా అని చూసే పరీక్ష, తప్పనిసరి చేసిందే 2017లో. ఫెనిటాయిన్, కార్బమజెపిన్ రెండూ ఆ బాపతే. అంతకుముందు లైసెన్సు తెచ్చుకున్నవాళ్ల సంగతేంటి?

ఫైనలియర్_ఫార్మసీ:
అది ఒప్పుకుంటాను సార్. కానీ ఆ లెక్కన అప్పటి ‘బ్రాండెడ్’ వాటిలో ఎన్నింటికి పరీక్ష జరిగిందంటారు? మన దగ్గర బ్రాండ్ పేరున్నవి కూడా చాలావరకు మందు కనిపెట్టిన కంపెనీవి కావు, వేరేవాళ్లు చేసే జనరిక్‌లే.

గవర్నర్‌పేట_మందుల_బాబాయ్:
మీరిద్దరూ తర్వాత కొట్టుకోండి. బుజ్జమ్మా, పాత స్ట్రిప్, కొత్త స్ట్రిప్ పక్కపక్కన పెట్టి చూడు. 400 పక్కన సీఆర్ అని రెండింటి మీదా ఉందా?

బ్రాడీపేట_బుజ్జి:
బాబాయ్ గారూ... పాతదాని మీద ఉంది, కొత్తదాని మీద లేదు.

గవర్నర్‌పేట_మందుల_బాబాయ్:
అనుకున్నా. సీఆర్ అంటే మందుని నిదానంగా వదిలే మాత్ర. అది లేనిది మామూలు మాత్ర, త్వరగా కరిగి రక్తంలో ఒక్కసారిగా పైకెక్కుతుంది. రెండు మూడు గంటలకి కళ్లు తిరిగేది అందుకే అయ్యుంటుంది. ముప్పై ఏళ్లుగా కౌంటర్లో ఉన్నాను, ఈ పొరపాటు చాలాసార్లు చూశాను. షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సింది, డాక్టరు రాసిందొకటైతే షాపులో ఇంకోటి ఇవ్వకూడదని రూలుంది, ఎవడు పట్టించుకుంటాడు. సొంతంగా ఆపొద్దు, సగం చేసి వేయొద్దు, ఇప్పుడే డాక్టరుకి ఫోన్ చెయ్యి. అప్పటిదాకా వాణ్ని బండెక్కనివ్వకు.

పటమట_ప్రసాద్:
చూశారా, నేను చెప్పిందదే! మారిస్తే ఇంతే.

ఫైనలియర్_ఫార్మసీ:
మీరు జనరిక్ అన్నారు సార్. ఇక్కడ మారింది మాత్ర రకం. ఖరీదైన కంపెనీ మామూలు మాత్ర ఇచ్చినా ఇదే జరిగేది.

బ్రాడీపేట_బుజ్జి:
డాక్టరు గారితో మాట్లాడాను. ఈ రాత్రి నుంచి మళ్లీ పాత సీఆర్ మాత్రే వేయమన్నారు, ఎల్లుండి పొద్దున మాత్ర వేయకముందు రక్తం ఇచ్చి లెవెల్ చూపించమన్నారు. జనరిక్‌లో సీఆర్ దొరికితే వాడొచ్చా అని కూడా అడిగాను. వాడొచ్చు గానీ ముందు నాకు చూపించు, ఆ తర్వాత ప్రతి నెలా అదే కంపెనీది కొను, ఒక నెల ఇది ఒక నెల అది వద్దు అన్నారు. ప్రసాద్ గారూ, మీ మాట సగం నెగ్గినట్టే. అమ్మకి ఇదంతా చెప్తే, స్ట్రిప్ మీద రాసింది చదవడం రాని దానికి డిగ్రీ ఎందుకంది.