పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కాపీ కమాండ్‌తో చేర్చిన వరుసలు హైబర్నేట్ సెషన్‌కు తెలిసేలా చేయడం ఎలా?

జావా 17, హైబర్నేట్ 6 (జావా ఆబ్జెక్టులను డేటాబేస్ వరుసలతో జతపరిచే ఓఆర్ఎమ్ లైబ్రరీ), పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 15 డేటాబేస్ వాడుతున్న ఒక అప్లికేషన్‌లో, ఒక పేరెంట్ రికార్డు కింద సుమారు 2 లక్షల చైల్డ్ వరుసలను ఒకే ట్రాన్సాక్షన్‌లో చేర్చవలసి ఉంది. ప్రైమరీ కీకి ఐడెంటిటీ పద్ధతి (వరుస చేర్చేటప్పుడే డేటాబేస్ కీని ఇవ్వడం) ఉన్నప్పుడు హైబర్నేట్ ఇన్సర్ట్‌లను బ్యాచ్‌గా పంపదు కనుక, మొదట ఈ పనికి 74 సెకన్లు పట్టేది. కీలను ముందే తీసుకోగల సీక్వెన్స్‌కు మారి, అలొకేషన్ సైజునూ (ఒకసారికి తీసుకునే కీల సంఖ్య) జేడీబీసీ బ్యాచ్ సైజునూ 50గా పెట్టి, డ్రైవర్‌లో రీరైట్‌బ్యాచ్డ్‌ఇన్సర్ట్స్ (పలు ఇన్సర్ట్‌లను ఒకటిగా కలిపే సెట్టింగ్) ఆన్ చేసి, ప్రతి బ్యాచ్‌కూ ఫ్లష్ (మార్పులను డేటాబేస్‌కు పంపడం) తరువాత కొత్త ఆబ్జెక్టులను డిటాచ్ చేస్తే (సెషన్ నుండి విడదీస్తే) అది 18 సెకన్లకు దిగింది.

అవే వరుసలను డ్రైవర్‌లో కాపీ కమాండ్‌ను నడిపే కాపీమేనేజర్‌తో నేరుగా పంపితే 3 సెకన్లు చాలుతున్నాయి. ఓఆర్ఎమ్ సౌలభ్యానికి కొంత మూల్యం చెల్లించడం న్యాయమే గాని, ఇంత తేడా అంగీకరించదగినదిగా తోచడం లేదు.

అందువల్ల సెషన్ (లోడ్ చేసిన ఎంటిటీలను, అంటే వరుసలకు సరిపోయే ఆబ్జెక్టులను, గుర్తుంచుకునేది) లోని డూవర్క్ మెథడ్ ద్వారా అదే కనెక్షన్‌ను తీసుకుని, అదే ట్రాన్సాక్షన్‌లో కాపీ నడిపాను. పేరెంట్ ఇంకా డేటాబేస్‌కు చేరకపోవడంతో మొదట ఫారిన్ కీ ఎర్రర్ వచ్చింది. కాపీకి ముందు ఫ్లష్ పిలవడంతో అది తీరింది. తీరనిది మరొకటి: పేరెంట్‌లో అప్పటికే లోడ్ అయిన చైల్డ్ కలెక్షన్ పాత స్థితినే చూపుతోంది. సెషన్‌పై క్లియర్ పిలిస్తే ఇతర ఎంటిటీలన్నీ డిటాచ్ అయి, తరువాతి కోడ్‌లో లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్ (ఇంకా లోడ్ కాని డేటాను సెషన్ లేకుండా చదవబోతే వచ్చే ఎర్రర్) వస్తోంది. పేరెంట్‌పై రిఫ్రెష్ (డేటాబేస్ నుండి మళ్లీ చదవడం) పిలిస్తే, పేరెంట్‌పై చేసే పనులన్నీ చైల్డ్‌లకూ వర్తించే కాస్కేడ్ ఆల్ ఉన్నందున, చైల్డ్ వరుసలన్నీ మెమరీలోకి వస్తున్నాయి.

సెషన్‌లోని మిగతా ఎంటిటీలను కదపకుండా, 2 లక్షల వరుసలనూ వెంటనే చదవకుండా, ఆ ఒక్క కలెక్షన్‌ను మాత్రమే మళ్లీ లోడ్ కాని స్థితికి తీసుకువెళ్లే మార్గం హైబర్నేట్ 6లో ఏది?