ఇరాన్‌కు మందుల మీద ఆంక్షలు లేవంటారు, మరి బ్యాంకు ఎందుకు వద్దంటుంది?

కృష్ణాతీరం:
మందులు, వైద్య పరికరాలు, తిండిగింజలు ఇరాన్‌కు అమ్మడం మీద ఆంక్షలు లేవని అమెరికా ట్రెజరీ (ఆర్థిక శాఖ) పదేపదే చెబుతోంది. అమ్మేది హైదరాబాద్ కంపెనీ, కొనేది టెహ్రాన్ దిగుమతిదారు అనుకుందాం. సరుకు అమెరికాది కాదు, చెల్లింపు డాలర్లలో కాదు. అయినా ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) మీద ఇరాన్ పేరు కనపడగానే ఇక్కడి బ్యాంకు వెనక్కి పంపేస్తుంది. చట్టం ఒప్పుకున్నదాన్ని బ్యాంకు ఎందుకు కాదంటోంది? రూపాయల్లో తీసుకుంటే సరిపోదా?

నోస్ట్రో_లెడ్జర్:
ముందు రెండు రకాల ఆంక్షలను విడదీసి చూడండి. ప్రైమరీ ఆంక్షలు అమెరికా పౌరులకు, కంపెనీలకు, న్యూయార్క్ మీదుగా వెళ్లే డాలర్లకు వర్తిస్తాయి. సెకండరీ ఆంక్షలు అమెరికాతో ఏ సంబంధమూ లేనివాళ్ల మీద వేసేవి. "మీరు వాళ్లతో వ్యాపారం చేస్తే మా మార్కెట్లో అడుగుపెట్టలేరు" అన్నదే వాటి సారాంశం. కోర్టులో కేసు ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

బ్యాంకుకు ఇది నోస్ట్రో ఖాతా దగ్గర తగులుతుంది. విదేశీ వ్యాపారం చేసే బ్యాంకులకు న్యూయార్క్‌లో ఏదో ఒక పెద్ద బ్యాంకులో డాలర్ ఖాతా ఉంటుంది, దాన్నే నోస్ట్రో అంటారు. 2010 జులైలో వచ్చిన ఇరాన్ ఆంక్షల చట్టం ఆ ఖాతాను మూయించే అధికారం ట్రెజరీకి ఇచ్చింది. 2012 జులై 31న చైనాకు చెందిన కున్లున్ బ్యాంకు మీద దాన్ని ప్రయోగించారు. మందుల ఎల్‌సీ మీద వచ్చే కమిషన్ ఎంత? నోస్ట్రో పోతే ఆ బ్యాంకు ఖాతాదారులైన ఎగుమతిదారులందరి బిల్లులూ ఆగిపోతాయి. అందుకే బ్యాంకులో నిబంధనల పాటింపు చూసే కంప్లయన్స్ విభాగం మినహాయింపు పాఠం చదవకముందే కాదంటుంది.

అయితే భయం ఒక్కటే కారణం కాదు. 2019 సెప్టెంబర్ 20న ఇరాన్ కేంద్ర బ్యాంకును ఉగ్రవాద నిరోధక అధికారం కింద కూడా అమెరికా ఆంక్షల జాబితాలో చేర్చారు. దాంతో ఆ బ్యాంకు విషయంలో మందుల మినహాయింపు చెల్లకుండా పోయింది. 2020 ఫిబ్రవరి 27న జనరల్ లైసెన్స్ 8 అనే సాధారణ అనుమతి ఇచ్చి ఆ రంధ్రాన్ని కొంత పూడ్చారు. అదే ఏడాది అక్టోబర్ 8న మరో 18 ఇరాన్ బ్యాంకుల మీద ఆంక్షలు పడ్డాయి. మందు మీద ఆంక్ష లేదు, నిజమే. కానీ ఆ మందుకు డబ్బు పంపగల బ్యాంకులు ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి.

తేయాకు_బాస్మతి:
రూపాయి సంగతి. 2012లో భారత్ ఇరాన్ చమురు బిల్లులో 45 శాతం కోల్‌కతాలోని యూకో బ్యాంకు ఖాతాలో రూపాయల్లో వేసేది. మిగతా 55 శాతం టర్కీలోని హల్క్ బ్యాంకు ద్వారా యూరోల్లో వెళ్లేది. ఇదంతా మనవాళ్ల ఉపాయమే అనుకుంటారు గానీ, సగమే నిజం. 2013 ఫిబ్రవరి 6 నుంచి చమురు డబ్బు కొన్న దేశంలోనే ఉండాలి, ఆ దేశపు సరుకుకే ఖర్చు కావాలి అని అమెరికా చట్టమే నిర్దేశించింది. టర్కీ దారి మూసుకుపోయింది. 2016లో ఆంక్షలు సడలేనాటికి మన రిఫైనరీలు ఇరాన్‌కు చెల్లించాల్సింది 600 కోట్ల డాలర్లు దాటింది.

ఇక్కడ అసలు కిటుకు: ఆ రూపాయల కుండ నిండేది చమురు కొన్నప్పుడే. 2019 మే 2న ఇరాన్ చమురు కొనడానికి అమెరికా ఎనిమిది దేశాలకిచ్చిన వెసులుబాటు ముగిసింది, మనం చమురు కొనడం ఆపేశాం. కొత్త రూపాయలు రావు, ఉన్నవి బాస్మతి, తేయాకు, మందుల బిల్లులకు కరిగిపోతాయి. రూపాయల్లో ఇన్వాయిస్ రాసినంత మాత్రాన డబ్బు పుట్టదు. దక్షిణ కొరియాలో దీనికి తలకిందులు జరిగింది: అక్కడి బ్యాంకుల్లో దాదాపు 700 కోట్ల డాలర్ల ఇరాన్ సొమ్ము కొరియా కరెన్సీ వాన్ రూపంలో చిక్కుకుంది. 2021 జనవరిలో ఇరాన్ ఒక కొరియా ట్యాంకర్‌నే పట్టుకుంది.

కాగితాలపని:
ఎగుమతి చేసేవారు వరసగా చూసుకోవాల్సినవి.

సరుకు తయారుకాకముందే, ఆర్డర్ దశలోనే బ్యాంకుతో రాతపూర్వకంగా మాట్లాడండి. షిప్పింగ్ బిల్లు వేశాక అడిగితే సరుకు ఇరాన్ రేవు బందర్ అబ్బాస్‌లో, డబ్బు ఎక్కడా లేనట్టు అవుతుంది. కొనుగోలుదారు, అతని డైరెక్టర్లు, యజమానులు, అతని బ్యాంకు, చివరికి మందు చేరే ఆసుపత్రి లేదా పంపిణీదారు, అన్ని పేర్లూ ఓఫాక్ (అమెరికా ట్రెజరీలో ఆంక్షలు చూసే విభాగం) వెబ్‌సైట్‌లోని ఎస్‌డీఎన్ జాబితాలో, అంటే ఆంక్షలున్నవాళ్ల జాబితాలో వెతకండి. ఫార్సీ పేర్లకు రెండు మూడు స్పెల్లింగులు ఉంటాయి, అన్నీ ప్రయత్నించాలి. వెతికిన తేదీతో ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. 2025 సెప్టెంబర్ చివర ఐరాస ఆంక్షలు తిరిగి అమల్లోకి వచ్చాయి. వాటిని రష్యా, చైనా ఒప్పుకోవడం లేదు గానీ మీ బ్యాంకు ఐరాస జాబితా కూడా అడుగుతుంది.

తర్వాత ఓడ. పేరు మారుతుంది, ఓడ గుర్తింపుగా ఇచ్చే ఏడంకెల ఐఎంఓ నంబరు మారదు, దాన్నే వెతకండి. 2020 జూన్ 8 నుంచి ఇరాన్ ప్రభుత్వ షిప్పింగ్ సంస్థ మీద కఠినమైన ఆంక్షలున్నాయి. బిల్ ఆఫ్ లేడింగ్‌లో (ఓడలో సరుకు ఎక్కించినట్టు ఇచ్చే రసీదులో) దాని ఓడ ఉంటే మందు మంచిదైనా కాగితం చెడ్డదే. ఇంకో పొరపాటు: మాత్రలు మినహాయింపులో ఉన్నాయి కాబట్టి మాత్రలు చేసే యంత్రం కూడా ఉంటుందనుకోవడం. అలా అనుకోకండి, విడిగా లాయర్‌ను అడగండి.

కృష్ణాతీరం:
చాలా ఉపయోగం, ధన్యవాదాలు. ఒక అనుమానం: కొనుగోలుదారు పేరు జాబితాలో లేదు, కానీ అతని యజమానుల్లో ఒకరు ఉన్నారు. అప్పుడు? పైగా, యూరప్ ఇలాంటి చోట తనవాళ్లను ఎందుకు కాపాడలేకపోయింది?

నోస్ట్రో_లెడ్జర్:
యజమాని వాటా 50 శాతం లేదా ఎక్కువైతే, పేరు లేకపోయినా ఆ కంపెనీ జాబితాలో ఉన్నట్టే. మంచి ఉదాహరణ గుజరాత్ వాడినార్ రిఫైనరీ నడిపే నయారా. అందులో రష్యా చమురు సంస్థ రాస్‌నెఫ్ట్ వాటా 49.13 శాతం. 2025 అక్టోబర్ 22న అమెరికా రాస్‌నెఫ్ట్ మీద ఆంక్షలు వేసినప్పుడు ఆ లెక్కన నయారా బయటే ఉంది. కానీ అదే ఏడాది జులైలో యూరప్ నయారా మీద నేరుగా వేసింది కాబట్టి, శాతాలు చూసి ఒక్క జాబితాతో ఆగకూడదు.

యూరప్ విషయం నాకు బాధ కలిగించేది. అమెరికా ఆంక్షలను పాటించవద్దనే చట్టం వాళ్లకు 1996 నుంచీ ఉంది, 2018 ఆగస్టులో దాన్ని అమెరికా ఇరాన్ మీద తిరిగి వేసిన ఆంక్షలకూ వర్తింపజేశారు. ఆ నెలలోనే ఫ్రాన్స్ చమురు సంస్థ టోటల్ ఇరాన్‌లోని సౌత్ పార్స్ గ్యాస్ ప్రాజెక్టు వదిలి వెళ్లింది. తమ రుణాల లావాదేవీల్లో 90 శాతానికి పైగా అమెరికా బ్యాంకుల పాత్ర ఉందని అంతకుముందే చెప్పింది. డాలర్ లేకుండా ఇరాన్‌తో వ్యాపారం సాగేందుకు యూరప్ 2019 జనవరిలో పెట్టిన ఇన్‌స్టెక్స్ వ్యవస్థ తొలి లావాదేవీ 2020 మార్చిలో జరిగింది, అదీ వైద్య సామగ్రికి. 2023లో మూసేశారు. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలని కున్లున్ లాంటి బ్యాంకులు, చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రపు చిన్న రిఫైనరీలు మాత్రం ఇరాన్‌తో పని సాగించాయి. ఫలితంగా ఇరాన్ చమురులో అత్యధిక భాగం చైనాకే, అదీ తగ్గింపు ధరకు పోతోంది.

కాగితాలపని:
వాటాల లెక్కలో ఒకటి కలుపుతాను: జాబితాలో ఉన్న ఇద్దరికి చెరో 25 శాతం ఉన్నా కలిపి 50 అయినట్టే లెక్క. కొనుగోలుదారు ఇచ్చే వాటాదారుల పట్టికను పూర్తిగా 100 శాతానికి తేల్చమని అడగండి. "ఇతరులు 30 శాతం" అని వదిలేస్తే బ్యాంకు ఆ ఫైలు ముందుకు కదపదు.