లాంగ్ క్యూటీ ఉంది, ఇప్పుడు ఐదో నెల. కాన్పు గదిలో ఎవరికి ఏం చెప్పాలి?

ప్రశ్న
నాకు లాంగ్ క్యూటీ సిండ్రోమ్, టైప్ 2. అంటే ప్రతిసారి కొట్టుకున్నాక గుండె మళ్ళీ సిద్ధమవడానికి పట్టే సమయం (ఈసీజీలో దాన్నే క్యూటీ అంటారు) ఎక్కువ, ఒక్కోసారి గుండె లయ ప్రమాదకరంగా తప్పొచ్చు. అమ్మ నుంచి వచ్చింది. మా పిన్ని బాలింతగా ఉండగా నిద్రలోనే పోయింది, ఎందుకో అప్పట్లో ఎవరికీ అర్థం కాలేదు. గుండె లయ తప్పకుండా ప్రొప్రనొలాల్ మాత్ర వేసుకుంటున్నాను. బిడ్డ బరువు పెరగదని ఎవరో అంటే రెండు రోజులు మానేశాను. మొన్న వాంతులకి ఒక క్లినిక్‌లో ఆన్‌డాన్‌సెట్రాన్ రాశారు. కార్డియాలజిస్టు వద్దన్న మందుల్లో అదొకటని చీటీ చూశాక గుర్తొచ్చింది. నొప్పుల్లో ఉన్నప్పుడు ఇవన్నీ నేను చూసుకోగలనా? అదే టెన్షన్.

జవాబు (మిడ్‌వైఫ్)
అమ్మా, ముందు ఒక్క మాట. ప్రొప్రనొలాల్ మీ అంతట మీరు మళ్ళీ ఆపకండి, ఆపిన సంగతి కార్డియాలజిస్టుకి చెప్పండి. బిడ్డ ఎదుగుదల స్కాన్లలో చూస్తాం. పుట్టాక షుగరు, గుండె వేగం గమనిస్తాం. పాలివ్వడానికీ సాధారణంగా అడ్డం కాదు.

వాంతులు ఎక్కువైతే పొటాషియం పడిపోతుంది, క్యూటీ ఇంకా సాగుతుంది. అందుకే ఓర్చుకుని ఇంట్లో కూర్చోకండి, రక్తపరీక్ష చేయించుకోండి.

నా దగ్గరికి ఇలాంటి అమ్మాయి వస్తే కేస్ షీట్ మొదటి పేజీ మీదే ఎర్ర ఇంకుతో రాస్తాను: ఇవ్వకూడని మందులు, ఆక్సిటోసిన్ (గర్భసంచి ముడుచుకోవడానికిచ్చే మందు) ఒక్కసారిగా తోసేయకుండా మెల్లగా, డీఫిబ్రిలేటర్ (లయ తప్పిన గుండెకి షాక్ ఇచ్చే యంత్రం) దగ్గర్లో. డ్యూటీ మారేటప్పుడు ఆ పేజీ పైకి చదివి అప్పగిస్తాను. మీరూ కార్డియాలజిస్టు, ప్రసూతి డాక్టరు, మత్తు డాక్టరు కలిసి రాసిన ప్లాన్ ఏడో నెలకల్లా చేతిలో పెట్టుకోండి. కాన్పుతో అయిపోయిందనుకోవద్దు, టైప్ 2లో ఆ తర్వాతి తొమ్మిది నెలలే ఎక్కువ ప్రమాదం.

జవాబు
నాదీ టైప్ 2, బాబుకి ఏడాది. నిద్రలో హఠాత్తుగా పెద్ద శబ్దం మనకి మంచిది కాదు. మా ఇంట్లో అలారం, ఫోన్ రింగు బంద్. రాత్రి బాబు కదిలితే మావారే ముందు లేచి, నా భుజం మెల్లగా తట్టి లేపేవారు.

ప్రశ్న అడిగినవారు
పిన్ని గురించి ఇప్పుడు అర్థమవుతోంది అక్కా. పుట్టే బిడ్డకి ఈసీజీ ఎప్పుడు తీస్తారు?

జవాబు (మిడ్‌వైఫ్)
బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం. ఇంటికి పంపేముందే తీయమని అడగండి. మొదటి రోజుల్లో స్పష్టంగా తేలకపోవచ్చు, కొన్ని వారాలకి మళ్ళీ తీయాలి. మీ జన్యుపరీక్షలో మార్పు దొరికి ఉంటే ఆ రిపోర్టు తీసుకెళ్ళండి, బిడ్డకి అదొక్కటే వెతికితే చాలు.