తిరుకోణమలై రేవులో విరిగిన తేలే డాకు: మా తాతగారు చెప్పింది నిజమేనా?

రేవుగాలి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా తాతగారు కుర్రతనంలో కాకినాడలో ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లారు. 1941 డిసెంబరులో ఆ నగరం మీద జపాను విమానాలు బాంబులు కురిపించాక ప్రాణాలు దక్కించుకుని ఇల్లు చేరారు. తరువాత మళ్లీ పని వెతుక్కుంటూ సింహళానికి వెళ్లి, తిరుకోణమలైలోని బ్రిటిషు నౌకాదళ రేవులో కళాసీగా కుదిరారు. తెల్లవారకముందే మోగే సైరను, తారు వాసన, భుజాలు ఒరుసుకుపోయేలా లాగిన మోకులు, ఆయన చెప్పే కబుర్లన్నీ వాటి చుట్టూనే తిరిగేవి.

ఆయన తరచూ చెప్పిన సంగతి ఒకటి ఉంది. ఒక పెద్ద యుద్ధనౌకను తేలే డాకులోకి (మరమ్మతు కోసం ఓడలను నీళ్లలోంచి పైకెత్తే తేలే కట్టడం) ఎక్కించి పైకి లేపుతుండగా డాకు నడుము విరిగి, నౌకతో సహా మునిగిపోయిందట. ఎందుకని అడిగితే, "నీళ్లు తోడడంలో వరస తప్పింది" అనేవారు, అంతకుమించి వివరించేవారు కారు. మా బంధువులలో ఒకరు మాత్రం అది సింగపూరు డాకు కథ అనీ, బాంబులు పడి మునిగిందనీ గట్టిగా వాదిస్తున్నారు. ఇందులో ఏది నిజం? అసలు నీళ్లు తోడడంలో వరస ఏమిటి?

పాతలంగరు

నేను చాలా ఏళ్లు తేలే డాకు మీద పనిచేశాను కనుక రెండో ప్రశ్నకు జవాబు చెప్పగలను.

తేలే డాకు అంటే అడుగున వెడల్పాటి ఇనుప పెట్టె, దానికి రెండు పక్కలా నిలువు గోడలు. రెండు కొసలూ తెరిచే ఉంటాయి. ఆ పెట్టె లోపల అడ్డుగోడలతో విడదీసిన ఎన్నో ట్యాంకులుంటాయి. వాల్వులు తెరిచి వాటిలోకి సముద్రపు నీటిని వదిలితే డాకు కిందికి దిగుతుంది. అప్పుడు ఓడను మోకులతో నెమ్మదిగా లోపలికి లాగి, వరసగా పేర్చిన దిమ్మెల మీదికి దాని వెన్నుగాడి (ఓడ అడుగున పొడవునా ఉండే దూలం) సరిగ్గా వచ్చేలా నిలబెట్టి, పంపులతో నీళ్లు తోడతారు. ట్యాంకులు ఖాళీ అయిన కొద్దీ డాకు ఓడను మోసుకుంటూ పైకి వస్తుంది.

మీ తాతగారన్న వరస ఇక్కడే ఉంది. ఓడ బరువు పొడవునా ఒకే తీరుగా ఉండదు. ఇంజన్లు, ఫిరంగులు ఉన్నచోట ఎక్కువ, కొసల్లో తక్కువ. పైనున్న బరువును బట్టి కింది ట్యాంకులో నీరు ఎంత తీయాలో, ఏ ట్యాంకు తరువాత ఏది తోడాలో ముందుగానే లెక్క కడతారు. కొసల ట్యాంకులను తొందరపడి ఖాళీ చేస్తే కొసలు పైకి లేస్తాయి, నడుము బరువుతో కిందికే లాగుతుంది. మేము డాకు పొడవునా మూడు చోట్ల గుర్తులు పెట్టుకుని, ఒక కొస నుంచి చూస్తే అవి ఒకే గీతలో ఉన్నాయో లేదో గమనిస్తూ ఉండేవాళ్లం. నడిమి గుర్తు వేలెడు జారినా పంపులు ఆపమని కేకవేయడమే. ఆ కేక ఆలస్యమైతే ఏమవుతుందో మీ తాతగారు కళ్లారా చూసినట్టున్నారు.

చరిత్రపుట

తాతగారు చెప్పింది నిజం. 1944 ఆగస్టు 8న తిరుకోణమలైలో తేలే డాకు కూలింది, అందులో ఉన్నది బ్రిటిషు యుద్ధనౌక వేలియంట్. ముప్పై వేల టన్నులు దాటిన ఆ నౌకలో మందుగుండు నిండుగా ఉంది. దాని బరువు తీరుకు తగని క్రమంలో ట్యాంకులను మరీ ఎక్కువగా ఖాళీ చేయడంతో డాకు కొసల మీద ఒత్తిడి పెరిగి నడుము విరిగింది. ఒక్క సవరణ మాత్రం చేయాలి: మునిగింది డాకే, నౌక కాదు. వేలియంట్ తేలుతూనే బయటపడింది, కానీ లోపలి వైపు ప్రొపెల్లర్లు రెండూ, చుక్కానులూ బాగా దెబ్బతిన్నాయి. ఆ తరువాత ఆ నౌక మళ్లీ యుద్ధంలో పాల్గొనలేదు. 1948లో తుక్కు కింద అమ్మేశారు.

మీ బంధువు చెప్పిన కథా అబద్ధం కాదు, అది వేరే డాకుది. 50,000 టన్నులు ఎత్తగల డాకును ఇంగ్లండులోని టైన్ నది ఒడ్డున కట్టి, భాగాలుగా టగ్గులతో సూయజ్ కాలువ మీదుగా లాగించి 1928లో సింగపూరు చేర్చారు. వలస పాలకులకు తేలే డాకులో ఉన్న సౌకర్యమే అది: స్వదేశంలో కట్టి, ఎక్కడ కావాలంటే అక్కడికి ఈడ్చుకుపోవచ్చు. బెర్ముడాలో రాయి నీటిని ఆపలేనంత గుల్లగా ఉండడంతో నేలలో డాకు తవ్వలేక, 1869లోనే ఇలా ఒకదాన్ని అట్లాంటిక్ దాటించారు. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపాను వశమైంది, ఆ డాకూ వారి చేతికి చిక్కింది. 1945 ఫిబ్రవరి 1న అమెరికా బాంబర్లు దాన్ని ముంచాయి. సింగపూరు పోవడంతో హిందూ మహాసముద్రంలోని బ్రిటిషు దళానికి తిరుకోణమలై అంత ముఖ్యమైంది, మీ తాతగారిలాంటి వారికి అక్కడ పని దొరకడానికీ అదే కారణమై ఉంటుంది.

రేవుగాలి

మీ ఇద్దరికీ ఎంతో కృతజ్ఞురాలిని. ఆ తేదీ చదువుతుంటే చేతులు వణికాయి. నౌక మునగలేదని తెలిస్తే తాతగారు ఊరట పడేవారు. అందులో ఉన్నవారు ఏమయ్యారోనన్న బెంగ ఆయనను చివరిదాకా వదలలేదు.

పాతలంగరు గారూ, ఇంకొక్క సందేహం. ఆయన ట్రంకు పెట్టెలో జానెడు పొడవున్న గట్టి చెక్కముక్క ఉంది. ఒక కొస మందంగా ఉండి, రెండో కొసకు పోనుపోను పలచబడుతుంది. మందపు కొస నలిగి, పీచులు లేచి ఉంది. అదేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు.

పాతలంగరు

అమ్మా, ఓడను దిమ్మెల మీద నిలబెట్టాక అది పక్కకు ఒరగకుండా డాకు గోడల నుంచి పొడవాటి దుంగలు ఆనిస్తారు. ఆ దుంగ బిగుసుకోవడానికి దాని కొస దగ్గర సందులో కొట్టే చెక్క అదే అయి ఉంటుంది. పలచటి కొసను సందులో పెట్టి, మందపు కొస మీద సమ్మెటతో కొడతారు. పీచులు లేచాయంటే అది కొత్తది కాదు, ఏదో ఓడ పక్కన దెబ్బలు తిన్నదే. దాన్ని కడగకండి, రంగు వేయకండి.