స్టేట్ మినిమమ్ ఇన్సూరెన్స్‌తో కారు నడపడం తప్పా?

ఇర్వింగ్ కుర్రాడు:
టెక్సస్‌కి వచ్చి 4 నెలలైంది. 6 వేల డాలర్లకి పాత కరోలా కొన్నాను. ఇక్కడ చట్టం అడిగేది 30/60/25. అంటే మన తప్పు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే ఒక్కరికి 30 వేలు, ఒక యాక్సిడెంట్ మొత్తానికి 60 వేలు, వాళ్ళ బండికి, ఆస్తికి 25 వేలు. అదే తీసుకున్నాను. మా రూమ్‌లో అందరిదీ అంతే. సీనియర్ ఒకాయన మాత్రం "పెంచుకో, లేకపోతే మునుగుతావ్" అంటున్నారు. ప్రభుత్వమే ఇది చాలంటుంటే ఎక్కువ ఎందుకు కట్టాలి?

కృష్ణాతీరం:
తమ్ముడూ, "చాలు" అని ప్రభుత్వం అనలేదు. ఇంతకన్నా తక్కువుంటే రోడ్డెక్కొద్దు అంది, అంతే. నువ్వు కొత్త పికప్ ట్రక్కును గుద్దావనుకో, 25 వేలు దాటిందంతా నీ నెత్తినే.

మాది ఫ్లోరిడా. ఇక్కడ మామూలు బండికి తప్పనిసరిగా ఉండాల్సినవి రెండే: తప్పెవరిదైనా మన వైద్యానికిచ్చే 10 వేల పిప్ (పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్), ఎదుటివాళ్ళ ఆస్తికి 10 వేలు. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే ఇచ్చే కవరేజ్ లేకపోయినా రిజిస్ట్రేషన్ అయిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మా ఆవిడ కారును వెనకనుంచి గుద్దినవాడి దగ్గర సరిగ్గా ఆ రెండే ఉన్నాయి. మెడ నొప్పి రెండ్రోజుల్లో తగ్గుతుందిలే అని కాపడం పెట్టుకుంటూ కూర్చుంది. 14 రోజుల్లోగా డాక్టర్‌కి చూపించకపోతే పిప్ రాదు. 11వ రోజున బలవంతాన తీసుకెళ్ళాను. ఆ 10 వేలు స్కానింగులకీ ఫిజియోథెరపీకీ ఇట్టే అయిపోయాయి. మిగతాది మా పాలసీలోని అన్‌ఇన్ష్యూర్డ్ మోటరిస్ట్ కవరేజ్ నుంచే, అంటే గుద్దినవాడికి మన దెబ్బలకిచ్చే ఇన్సూరెన్స్ లేనప్పుడు మన కంపెనీయే ఇచ్చేదాన్నుంచి వచ్చింది.

డెట్రాయిట్ బాబాయ్:
మీ ఆవిడ పడ్డ బాధ అర్థమైందండీ. కానీ మినిమమ్‌తో నడిపేవాళ్ళను బాధ్యత లేనివాళ్ళలా చూడకండి. మా మిషిగన్‌లో 2020 జులై దాకా వైద్యానికి జీవితాంతం పరిమితి లేని కవరేజ్ ప్రతి ఒక్కరూ కొనాల్సిందే. వినడానికి బంగారంలా ఉంటుంది. ప్రీమియం మోయలేక డెట్రాయిట్‌లో ఎంతోమంది అసలు ఇన్సూరెన్సే లేకుండా తిరిగారు. చట్టం గీత పైకి జరిపినకొద్దీ పేదవాడు కిందనుంచి జారిపోతాడు. న్యూ హాంప్‌షైర్‌లో ఇప్పటికీ అందరికీ తప్పనిసరి కాదు. వర్జీనియాలో 2024 జూన్ వరకు 500 డాలర్ల ఫీజు కట్టి ఇన్సూరెన్స్ లేకుండా నడపనిచ్చారు.

కృష్ణాతీరం:
బాబాయ్ గారూ, మిషిగన్ మాట ఒప్పుకుంటాను. మరి గీతను అసలు జరపకపోతే? కాలిఫోర్నియాలో 1967 నాటి 15/30/5 మొన్న 2024 చివరిదాకా నడిచింది. 5 వేలకు ఇవాళ బంపరూ సెన్సార్లూ కూడా కొన్నిసార్లు రావు. 2025 నుంచి 30/60/15 చేశారు.

మనవాళ్ళు పొరపడేది ఇంకోచోట. ఇండియాలో థర్డ్ పార్టీ పాలసీ ఉంటే చాలు, మనిషికి దెబ్బ తగిలినా ప్రాణం పోయినా పరిహారానికి పరిమితి లేదు. ట్రిబ్యునల్ ఎంత తేలిస్తే అంత కంపెనీ కట్టాలి. ఆస్తి నష్టానికే 7.5 లక్షల హద్దు. అందుకే మనకి "ఇన్సూరెన్స్ ఉందా?" అని అడగడమే అలవాటు. ఇక్కడ అడగాల్సింది "ఎంతకి ఉంది?" అని. తమ్ముడూ, టెక్సస్‌లో అన్‌ఇన్ష్యూర్డ్ మోటరిస్టూ పిప్పూ రెండూ కంపెనీ ఇవ్వజూపాలి. వద్దంటే నువ్వు రాతపూర్వకంగా చెప్పాలి. నీ పాలసీలో ఏముందో ఒకసారి చూసుకో.

ఇర్వింగ్ కుర్రాడు:
ఇప్పుడే తెరిచి చూశానన్నా. రెండింటి పక్కనా "రిజెక్టెడ్" అని ఉంది, కింద నా సంతకమే. కారు కొన్న రోజు ఫోన్‌లో పసుపు గీతలు కనిపించిన చోటల్లా వేలితో సంతకం పెట్టుకుంటూ పోయాను. పొద్దున్నే ఏజెంట్‌కి ఫోన్ చేస్తాను. రూమ్‌లో మిగతా ముగ్గురి పాలసీలూ తీయిస్తున్నాను.