2005లో సానియా మీర్జా ఆట స్టేడియంలో చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా కావలి. మా పాప ఆరో తరగతి. స్కూల్లో ఆటల పోటీల రోజున సానియా మీర్జా గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలి.

మొన్న పుట్టింట్లో నా ఇంటర్ నాటి ట్రంకుపెట్టె తెరిస్తే మూత లోపల అన్నం మెతుకులతో అంటించిన పేపర్ కటింగ్ కనిపించింది. పసుపు పచ్చబడింది, ఒక మూల చెదలు తినేసింది, కానీ ఆ ముక్కుపుడక, ఆ ఫోర్‌హ్యాండ్ అలాగే ఉన్నాయి. పాప చూసి, "అంతమందికి ఆమె ఎందుకంత ఇష్టమమ్మా?" అని అడిగింది. నాకు గొంతు పట్టేసింది, సరిగ్గా చెప్పలేకపోయాను.

లెక్కలు నాకు తెలుసు. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్, డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు. 2015లో స్విట్జర్లాండ్ క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో జంటగా వింబుల్డన్ టైటిల్, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్‌లు. మా బంధువు ఒకాయన "అన్నీ డబుల్సే కదా" అని తేల్చేశారు. నాకు చాలా బాధేసింది. సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లడం చిన్న మాటా?

నాకు కావాల్సింది నెట్‌లో దొరకని సంగతులు. ఆ హైదరాబాద్ ఫైనల్‌కి వెళ్లినవాళ్లు ఉంటే, జనం ఎలా ఉన్నారో, ఆఖరి పాయింట్ అప్పుడు మీ పక్కన ఎవరున్నారో రాయండి. ఆమెను చూసి మన నెల్లూరు, ఒంగోలు వైపు రాకెట్ పట్టిన ఆడపిల్లలుంటే మీ అనుభవం కూడా చెప్పండి. పోటీలు వచ్చే శనివారమే, కాస్త త్వరగా రాయండి.