రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీసేది రసాయనాలా, రక్తప్రవాహమా?

జీవకణం (చర్చ ప్రారంభం)
ధమనుల లోపలి గోడ మీద ఒక్క కణం మందాన పరుచుకున్న ఎండోథీలియం పొర పాడవడంతోనే పూడికలు మొదలవుతాయని చాలామంది ఒప్పుకుంటారు. ఎందుకు పాడవుతుందన్న దగ్గరే పేచీ. ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్, పొగాకు పొగ, అదుపు తప్పిన చక్కెర వంటి రసాయన కారణాలే అసలువని నా వాదన. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను కణాల్లోకి లాక్కునే గ్రాహకం జన్యువు రెండు ప్రతులూ చెడిపోయి పుట్టిన పిల్లలకు చిన్నతనంలోనే గుండెపోటు రావచ్చు. వాళ్ల రక్తప్రవాహంలో పుట్టుకతో ఏ లోపమూ లేదు. ప్రవాహం, రాపిడి అంటూ పెద్ద పెద్ద సమీకరణాలు రాసేవారు దీనికి జవాబు చెప్పాలి.

ప్రవాహగణితం
చెబుతాను. ఒక మనిషి ఒంట్లో అన్ని ధమనులలోనూ తిరిగేది ఒకే రక్తం. అందులోని కొలెస్ట్రాల్, చక్కెర, నికోటిన్ ప్రతి అంగుళానికీ సమానంగా అందుతాయి. మరి పూడిక అంతటా సమానంగా ఎందుకు రాదు? మెడలోని కెరోటిడ్ ధమని రెండుగా చీలేచోట చూడండి. చీలిక మొన దగ్గర, ప్రవాహం నేరుగా వచ్చి తాకే గోడ చాలాకాలం శుభ్రంగానే ఉంటుంది. దాని ఎదుటి బయటి గోడ వైపు రక్తం నెమ్మదించి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ కాస్త వెనక్కి తిరుగుతుంది. పూడిక అక్కడే మొదలవుతుంది. రెండు చోట్లకూ మధ్య దూరం మిల్లీమీటర్లలోనే.

రక్తం గోడను ఒరుసుకుంటూ పోయే బలాన్ని షియర్ స్ట్రెస్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న ధమనిలో అది చదరపు సెంటీమీటరుకు సుమారు 10 నుంచి 70 డైన్లు (డైను అంటే బలానికి ఒక చిన్న కొలత). పూడికలు వచ్చేచోట 4 డైన్ల లోపు. ఇక్కడొక తమాషా ఉంది. 1968లో ఫ్రై అనే పరిశోధకుడు కుక్కల బృహద్ధమని మీద ప్రయోగాలు చేసి, రాపిడి 400 డైన్లకు దగ్గరైతే కణాలు చిరిగిపోతాయని చూపించాడు. దాంతో ఎక్కువ రాపిడే ప్రమాదమని చాలామంది అనుకున్నారు. మరుసటి ఏడాదే కారో అనే పరిశోధకుడి బృందం మనుషుల ధమనులను పరిశీలించి, తొలి పూడికలు తక్కువ రాపిడి ఉన్నచోట వస్తున్నాయని తేల్చింది. ఈ కణాలకు ఒరిపిడి తగలడం కన్నా తగలకపోవడమే చేటు.

రసాయనశాల
ఎక్కడ వస్తుందన్నది వేరు, ఎందుకు వస్తుందన్నది వేరు. ఈ రెండింటినీ కలిపేస్తున్నారు.

ప్రవాహం చేసే మేలులో పెద్ద భాగం నైట్రిక్ ఆక్సైడ్ అనే చిన్న అణువు ద్వారానే జరుగుతుంది. 1980లో ఫర్చ్‌గాట్, జవాడ్‌స్కీ చూపించింది దీనికి మూలం. ధమని ముక్క లోపలి పొరను కాస్త రుద్ది తీసేస్తే, ధమనిని సడలించే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేసినా అది సడలదు. పొర ఉంటే సడలుతుంది. ఆ పొర విడుదల చేసే పదార్థం నైట్రిక్ ఆక్సైడేనని తర్వాత తేలింది. దాన్ని తయారుచేసే ఎంజైముకు టెట్రాహైడ్రోబయోప్టెరిన్ అనే సహకారి కావాలి. ఆక్సీకరణ ఒత్తిడి, అంటే కణంలో హాని చేసే ఆక్సిజన్ రూపాల జోరు, పెరిగితే ఆ సహకారి చెడిపోతుంది. అప్పుడు అదే ఎంజైము నైట్రిక్ ఆక్సైడు బదులు సూపర్ఆక్సైడు అనే హానికరమైన ఆక్సిజన్ రూపాన్ని తయారుచేస్తుంది. ప్రవాహం ఎంత బాగున్నా, అది పురమాయించిన పనికి వచ్చే ఫలితం విషమే. ఇది రసాయనం కాకపోతే మరేమిటి?

పెట్రీగిన్నె
ఈ కణాలను పెంచేవాడిగా ఒక మాట. రసాయన ఒత్తిడి మీద వచ్చిన ఫలితాలలో చాలా భాగం కదలని ద్రవంలో, అంటే ప్లాస్టిక్ గిన్నె అడుగున పెంచిన కణాల మీద చేసినవి. ఆ గిన్నెలో కణాలు నాపరాళ్లు పరిచినట్టు పలకలుగా, ఏ దిశా లేకుండా ఉంటాయి. వాటి మీద చదరపు సెంటీమీటరుకు 12 డైన్ల ప్రవాహాన్ని ఎడతెగకుండా పంపితే, ఒక రోజు గడిచాక మైక్రోస్కోపులో చూడండి. కణాలు సాగి, సన్నబడి, ప్రవాహం వైపు వరుస తీరి ఉంటాయి. కణానికి ఆకారమిచ్చే లోపలి యాక్టిన్ పోగులు కూడా అదే వైపు తిరుగుతాయి. శంకువు ఆకారపు చక్రాన్ని ద్రవంలో తిప్పే పరికరంతో 1981లోనే ఈ మార్పును చూపించారు.

మార్పు ఆకారంతో ఆగదు. నిలకడైన ప్రవాహం ఈ పొరను కాపాడే కేఎల్‌ఎఫ్2 అనే జన్యువును మేల్కొలుపుతుంది, ఆక్సీకరణను తట్టుకునే ఎంజైములను పెంచుతుంది. వాపు కలిగించే టీఎన్‌ఎఫ్‌ను ఇప్పుడు వేస్తే, తెల్లకణాలను పట్టుకునే వీక్యామ్1 ప్రొటీను కదలని గిన్నెలో కన్నా బాగా తక్కువగా పైకి వస్తుంది. రసాయనం అదే, మోతాదూ అదే. కాబట్టి “ఇంత మోతాదు కణాన్ని దెబ్బతీస్తుంది” అని రాసే ప్రతి వ్యాసంలోనూ ప్రవాహం ఎంతో రాయాలి. రాయకపోతే ఆ మోతాదును మనిషి ధమనికి అన్వయించలేం.

కొలబద్ద
వేరే వ్యాసాలలో పాస్కళ్లు కనిపిస్తే కంగారు పడకండి. 1 పాస్కల్ అంటే చదరపు సెంటీమీటరుకు 10 డైన్లు.

జీవకణం
పెట్రీగిన్నె గారి మాట బాగుంది. కానీ ప్రవాహగణితం గారూ, రక్తం నెమ్మదించినచోట ఎల్‌డీఎల్ గోడను అంటిపెట్టుకుని ఎక్కువసేపు ఉంటుంది, లోపలికి ఎక్కువ చొరబడుతుంది. అలా చూస్తే మీ ప్రవాహం నా రసాయనానికి దారి చూపిస్తోందంతే.

ప్రవాహగణితం
అంతే అయితే కణానికి ప్రవాహాన్ని పసిగట్టే యంత్రాంగం ఎందుకు? పీజో1 అనే అయాను మార్గం, కణాల మధ్య అతుకుల్లో ఉండే పీక్యామ్1 ప్రొటీను, పైన నూగులా ఉండే గ్లైకోకాలిక్స్, ఇవన్నీ రాపిడిని కొలిచేవే.

ఎలుకల ప్రయోగం చూడండి. ఎడమ కెరోటిడ్ ధమని నాలుగు శాఖలలో మూడింటిని కట్టేస్తారు. ప్రవాహం తగ్గి, ముందుకూ వెనక్కీ ఊగుతుంది. ఏపీవోఈ జన్యువు లేని ఎలుకకు కొవ్వు మేత పెడితే, ఆ ధమనిలో రెండు వారాలకే పూడిక వస్తుంది. అదే ఎలుక కుడి ధమని శుభ్రంగా ఉంటుంది.

రసాయనశాల
ఏపీవోఈ లేని ఎలుక అన్నారు చూశారా! కొలెస్ట్రాల్‌ను వదిలించుకోలేని ఎలుక. దానికి కొవ్వు మేత. నా వాదనను మీ ప్రయోగంలోకి ముందే ఎక్కించి పెట్టారు.

ప్రవాహగణితం
కుడి ధమనికి అందిందీ ఆ కొలెస్ట్రాలే కదండీ.

పెట్రీగిన్నె
ఇద్దరూ ఒకే ఎలుకను చెరోవైపు లాగుతున్నారు. మనుషుల దగ్గరకు రండి. చేతికి పట్టీ బిగించి సుమారు 5 నిమిషాలు రక్తం ఆపి వదిలితే, ఒక్కసారిగా ప్రవాహం ఉరుకుతుంది, ధమని వెడల్పవుతుంది. దాన్ని అల్ట్రాసౌండ్‌లో కొలుస్తారు. పొగతాగేవారిలోనూ, పుట్టుకతో కొలెస్ట్రాల్ ఎక్కువున్న పిల్లలలోనూ ఈ వెడల్పు తగ్గిపోయిందని 1992లో సెలెర్మేయర్ బృందం చూపించింది. ఆ పిల్లలలో అప్పటికి జబ్బు లక్షణాలేవీ లేవు. రసాయనం ముందుగా పాడుచేసింది ప్రవాహానికి స్పందించే గుణాన్నే.

పూడిన ధమనిని తెరిచి ఉంచడానికి బెలూనుతో లోపల అమర్చే లోహపు జాలీ గొట్టం, అంటే స్టెంటు సంగతి కూడా దీనికి కలపండి. బెలూను గోడను సాగదీసి ఎండోథీలియాన్ని చెరిపేస్తుంది. లోహపు కడ్డీల వెనక రక్తం సుడి తిరుగుతుంది. స్టెంటు మీద పూసిన మందు కండర కణాలు పెరగకుండా ఆపుతూనే, కొత్త ఎండోథీలియం పరుచుకోవడాన్నీ ఆలస్యం చేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు నెలల తరబడి వాడమనేది అందుకే. మందును, కడ్డీ మందాన్ని విడివిడిగా మార్చి చేసిన పోలికలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి, వాటి మీద మాట్లాడుకుందాం.